విడిచిన ఊపిరినే మళ్లీ పీల్చే యంత్రం

మనిషి పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు ఉంటే, విడిచే గాలిలో ఇంకా 16, 17 పాళ్లు మిగిలే ఉంటుంది. నేలమీద ఈ దుబారాను ఎవరూ పట్టించుకోరు గాని, వీపున కట్టుకున్న సిలిండరే దిక్కుగా సముద్రంలోకి దిగిన డైవర్‌ను మాత్రం అది తొందరపెట్టి పైకి రప్పిస్తుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది కనుక, 30 మీటర్ల వద్ద ఒక్కొక్క ఊపిరికి ఉపరితలం మీది కంటే నాలుగు రెట్ల గాలి ఖర్చవుతుంది. ఆ గాలంతా ఒక్కసారి ఊపిరితిత్తులను తాకి, బుడగలై పైకి పోతుంది. శరీరానికి కావలసిన ప్రాణవాయువు మాత్రం లోతుతో పాటు పెరగదు. నెమ్మదిగా ఈదే మనిషికి నిమిషానికి, ఉపరితల పీడనం వద్ద కొలిస్తే, సుమారు ఒక లీటరు చాలు. అతడు 5 మీటర్ల లోతున ఉన్నా 100 మీటర్ల లోతున ఉన్నా ఆ లెక్క మారదు. విడిచిన ఊపిరిని బయటికి పోనివ్వకుండా సంచిలో పట్టి, అందులోని బొగ్గుపులుసు వాయువును తీసివేసి, తగ్గిన ప్రాణవాయువును మాత్రమే కలిపి తిరిగి నోటికి అందించే రీబ్రీదర్ ఈ తేడా మీదనే బతుకుతోంది.

1878లో హెన్రీ ఫ్లూస్ అనే ఆంగ్లేయుడు నిర్మించిన తొలి పనికొచ్చే రీబ్రీదర్‌లో రబ్బరు ముసుగు, గాలిసంచి, రాగి పాత్రలో ఒత్తి నింపిన ప్రాణవాయువు, కాస్టిక్ పొటాష్ ద్రావణంలో తడిపిన తాళ్ల పీచు తప్ప మరేమీ లేవు. రెండేళ్లకు, సెవెర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం నీట మునిగినప్పుడు, లోపలి ఇనుప తలుపును మూయవలసిన డైవర్ అలెగ్జాండర్ లాంబర్ట్‌కు పైనుంచి గాలి తెచ్చే పొడవాటి గొట్టమే అడ్డంకి అయింది. ఆ గొట్టాన్ని వదిలి, ఫ్లూస్ పరికరాన్ని తగిలించుకుని, దాదాపు 300 మీటర్లు చీకటి నీటిలో నడిచి అతడు ఆ పని పూర్తిచేశాడు.

ఈ యంత్రంలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం స్క్రబ్బర్, అంటే ఊపిరిని శుభ్రపరిచే డబ్బా. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలవలె తెల్లబడడం బడిపిల్లలందరూ చూసినదే. గోడకు వేసిన వెల్ల గాలి తగిలి గట్టిపడడమూ అదే చర్య. స్క్రబ్బర్‌లో నింపే సోడా లైమ్ గుళికలలో ఎక్కువ భాగం ఆ తడిసున్నమే. దానితో పాటు కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్, కొంత తేమ ఉంటాయి. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు ముందు ఆ తేమలో కరిగి, సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిసి సోడియం కార్బొనేట్ అవుతుంది. ఆ కార్బొనేట్ సున్నంతో కలిసినప్పుడు సున్నపురాయి ఏర్పడి, మొదటి సోడియం హైడ్రాక్సైడ్ తిరిగి చేతికి వస్తుంది. అందుకే సోడియం హైడ్రాక్సైడ్ కొంచెమే చాలు, తరిగిపోయేది సున్నం మాత్రమే. ఈ చర్యలో వేడి, నీరు కూడా పుడతాయి కనుక, మామూలు సిలిండర్ చల్లని పొడిగాలి ఇచ్చేచోట రీబ్రీదర్ వెచ్చని తేమగాలి ఇస్తుంది. శస్త్రచికిత్స గదిలో మత్తుమందు ఇచ్చే యంత్రంలోనూ ఇవే గుళికలు ఉంటాయి. అక్కడ సున్నం తరిగిపోగానే ఊదారంగుకు మారే అద్దకాన్ని వాటికి కలుపుతారు. గుళికలను వదులుగా నింపితే ఊపిరి వాటి సందులలోంచి దారి చేసుకుని శుభ్రపడకుండానే తిరిగి వస్తుంది గనుక, డబ్బాను తట్టి తట్టి నింపడం ఈ విద్యలో మొదటి పాఠం.

ఫ్లూస్ దారికి లోతు అడ్డు వచ్చింది. పీడనం కింద స్వచ్ఛమైన ప్రాణవాయువు నాడీమండలానికి విషమై మూర్ఛ తెప్పిస్తుంది. సుమారు 6 మీటర్లకు మించి దానితో దిగడం క్షేమం కాదు. అలాంటి పరికరంతోనే మూర్ఛపోయి బయటపడిన జాక్ కూస్తో, 1943లో ఎమిల్ గన్యాఁతో కలిసి, విడిచిన ఊపిరిని నీటిలోకి వదిలేసే ఆక్వాలంగ్‌ను తయారుచేశాడు. దుబారా అయినా అది సరళం, నమ్మదగినది. వినోదం కోసం డైవింగ్ చేసేవారి లోకమంతా దానిదే అయింది. రీబ్రీదర్ చాలాకాలం నౌకాదళాలకే పరిమితమైంది.

లోతుకు వెళ్లాలంటే ప్రాణవాయువును గాలితోగాని, హీలియం కలిపిన మిశ్రమంతోగాని పలచబరచాలి; పలచబరిస్తే ఏ క్షణాన ఎంత ఉన్నదో కొలవాలి. 1968లో వాల్టర్ స్టార్క్, జాన్ కాన్విషర్‌ల ఎలక్ట్రోలంగ్ ఈ కొలతను విద్యుత్ సెన్సర్లకు అప్పగించింది. ఇప్పటి రీబ్రీదర్లలోని సెన్సర్ నిజానికి ఒక చిన్న బ్యాటరీ: పలుచని పొర గుండా చొరబడిన ప్రాణవాయువు లోపలి సీసాన్ని ఆక్సైడుగా మార్చే కొద్దీ విద్యుత్తు పుడుతుంది, ఉపరితల గాలిలో అది సుమారు 10 మిల్లీవోల్టులు. అది కొలిచేది శాతాన్ని కాదు, పాక్షిక పీడనాన్ని, అంటే మిశ్రమంలో ఆ ఒక్క వాయువు వంతుకు వచ్చే పీడనాన్ని; శరీరానికి పట్టేది కూడా అదే. అది 1.3 వాతావరణాల వంటి నిర్ణీత విలువకంటే తగ్గగానే కంప్యూటర్ కవాటం తెరిచి ప్రాణవాయువును లోపలికి వదులుతుంది.

ఇక్కడే ఈ యంత్రంలోని అసలు ప్రమాదం దాగి ఉంది. ఊపిరాడడం లేదని మనిషికి ప్రధానంగా తెలియజెప్పేది ప్రాణవాయువు కొరత కాదు, రక్తంలో పేరుకునే బొగ్గుపులుసు వాయువు. స్క్రబ్బర్ దానినే తుడిచిపెడుతుంది గనుక, సంచిలో ప్రాణవాయువు అడుగంటినా డైవర్‌కు ఏ బాధా కలగదు. హాయిగా ఊపిరి తీస్తూనే అతడు స్పృహ తప్పుతాడు. వినోద డైవింగ్ నుంచి సాంకేతిక డైవింగ్‌కు మారేవారికి 40 మీటర్లు దాటడం కన్నా, శరీరం మీది నమ్మకాన్ని వదిలి అంకె మీద నిఘా పెట్టడమే ఎక్కువ కష్టం. పాత అలవాట్లు కూడా పనికిరావు: గుండెనిండా ఊపిరి పీలిస్తే కొంచెం పైకి తేలడం అంతకుముందు వారికి తెలిసిన విద్య, రీబ్రీదర్‌లో ఆ గాలి సంచిలోంచి ఊపిరితిత్తులకు మారుతుందే తప్ప మొత్తం పరిమాణం మారదు, డైవర్ ఉన్నచోటనే ఉంటాడు. ఆపైన, పీడనం కింద కణజాలంలో కరిగిన వాయువు మెల్లగా బయటపడడానికి మధ్యమధ్య ఆగుతూ రావలసిన లోతులలో, నేరుగా పైకి పోవడం దారి కాదు. ఏ చిక్కు వచ్చినా నీటిలోనే తీర్చుకోవాలి.

ఒక్క సెన్సర్‌ను నమ్మలేరు కనుక సాధారణంగా మూడు అమర్చి, వాటిలో ఒకటి తేడాగా చెబితే మిగిలిన రెండింటి మాటనే కంప్యూటర్ తీసుకునేలా చేశారు. ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో అంత మోసపోగలది. సీసం అరిగి ముసలిదైన సెన్సర్ ఉపరితలంలో సరిగ్గానే చదువుతుంది, లోతులో మాత్రం 1.1 వద్దనే ఆగిపోవచ్చు. అలాంటివి రెండు ఒకటైతే, సరిగా చెబుతున్న మూడోదానిని కంప్యూటర్ పక్కనపెట్టి, ఇంకా తక్కువగానే ఉందనుకుని ప్రాణవాయువును వదులుతూనే పోతుంది. ఈ కారణంగానే మూడింటినీ ఒకేసారి కొని, ఒకేసారి మార్చడాన్ని తెలిసినవారు ఒప్పుకోరు.

1987లో బిల్ స్టోన్ ఫ్లోరిడాలోని వకుల్లా స్ప్రింగ్స్‌లో తన రీబ్రీదర్‌తో 24 గంటలు నీటిలో గడిపాడు. 1997లో ఇన్‌స్పిరేషన్ అనే బ్రిటిష్ నమూనాతో ఈ పరికరం సామాన్య డైవర్ల అంగట్లోకి వచ్చింది. నమూనాలు ఎన్ని మారినా, అంకె మీద అనుమానం కలిగిన డైవర్ చేసే పని ఒక్కటే: తన సిలిండర్‌లోని, ఎంత పాళ్లో ముందే తెలిసిన వాయువును సంచిలోకి నిండుగా వదలడం. 20 మీటర్ల వద్ద పీడనం మూడు వాతావరణాలు; గాలిలో ప్రాణవాయువు 0.21 కనుక సెన్సర్ 0.63 చూపాలి. చూపని సెన్సర్ మాట అతడు ఇక వినడు. మూడూ మూడు రకాలుగా చెబితే నోటి గొట్టాన్ని మూసి, పక్కన వేలాడే అత్యవసర సిలిండర్‌కు మారి, ఆగవలసిన ప్రతి మెట్టు దగ్గరా ఆగుతూ పైకి బయలుదేరుతాడు.