మొలక రానిచో విత్తనమే కారణమా?

విత్తి పది దినములైనను సాలులో మొలక కనుపించనిచో రైతు మొదట అనుమానించునది విత్తనమును. విత్తనము అమ్మినవారితో తగవు పడుటకు, చేనును చెడగొట్టి మరల విత్తుటకు ముందు నాలుగైదు చోట్ల మట్టి తీసి చూడవలెను.

అనంతపురము జిల్లాలో ఒక ఎర్రనేల చేనిని ఇట్లే త్రవ్వి చూచితిమి. వేరుశనగ గింజలు మొలచియే యున్నవి. కాని మొలకల మెడలు లావెక్కి, వంగి, పైపెళ్ళ క్రింద చిక్కుకొని యున్నవి. విత్తిన మరునాడు జడివాన కురిసి, వెంటనే ఎండ కాసినది. ఎర్రనేలలలో సేంద్రియ పదార్థము తక్కువ. చినుకుల తాకిడికి మట్టి చెదరి, సన్నని రేణువులు రంధ్రములను మూసివేయును; ఆరినపుడు అదియే పెళ్ళ యగును. పప్పుబద్దలను పైకి నెట్టుకొని రావలసిన వేరుశనగకు ఇది పెద్ద అడ్డు. సజ్జ గింజ చిన్నది, దానికి బలము ఇంకను తక్కువ. అందుచే వేరుశనగను 5 సెం.మీ., సజ్జను 2, 3 సెం.మీ. లోతు మించకుండ విత్తుట మంచిది.

గింజకు నీరు, గాలి రెండును కావలెను. మొక్కజొన్న గింజ తన బరువులో సుమారు మూడవవంతు నీరు పీల్చినగాని మొలవదు. ఆ నీరు గింజను అంటియున్న మట్టినుండియే రావలెను. గడ్డల సందున పడిన గింజకు నేలలో పదునున్నను అందదు. గొర్రు వెంట గుంటక తోలి సాలును తేలికగా అదుముట ఇందుకే. అయితే తడి ఆరకముందే ట్రాక్టరు దింపినచో ఇదే అదుము విషమగును. మట్టిలోని గాలి వెడలిపోయి గింజ ఊపిరాడక కుళ్ళును. అద్దె ట్రాక్టరు ఆనాడు తప్పితే మరల దొరకదనెడి తొందర నేనెరుగుదును. అయినను ఒక పూట ఆగుటయే లాభము.

విత్తు లోతునుండి పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి నడుము ఎత్తునుండి విడువుడు. పగిలి చెదరినచో పదును సరిపోయినది. ముద్దగానే నిలిచినచో ఆగవలెను. ముద్దయే కట్టనిచో తడి చాలదు.

పెళ్ళ కట్టినచో మొలక పైకి రాకముందే, విత్తిన 3, 4 దినములలో, ముళ్ళకంపను తేలికగా లాగించవలెను. పైన చెప్పిన చేనికి ఆ అదను దాటినది. ప్రక్క రైతు బోరు నీటిని స్ప్రింక్లరుతో చల్లి పెళ్ళను మెత్తబరచగా చాలవరకు మొలకలు పైకి వచ్చినవి.

విత్తనముపై ఫిర్యాదు వచ్చినపుడు గ్రామాధికారులు మిగిలిన విత్తనమునుండి నూరు గింజలు తీయించి, తడి గోనెలో చుట్టి మొలకెత్తించి లెక్కించవలెను. వేరుశనగకు ప్రమాణము నూటికి 70. అంతకు తగ్గనిచో ముందుగా చేనిలో పెళ్ళను, విత్తిన లోతును పరిశీలించి వ్రాసికొనవలెను.