మర్రి నీడ పోతే కూడలి ఎలా కనిపిస్తుంది?

రహదారి విస్తరణలో దృశ్య ప్రభావాన్ని అంచనా వేసే పద్ధతి ఇదీ

చేవెళ్ల: హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో అప్పా కూడలి దాటితే మర్రిచెట్లు మొదలవుతాయి. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ జిల్లా మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల మేర ఊడలు దించుకుని నిలిచిన ఈ వృక్షాలు సుమారు తొమ్మిది వందలు. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటినవని పెద్దలు చెబుతారు. 163వ నంబరు జాతీయ రహదారిలో భాగమైన ఈ దారిని నాలుగు వరుసలుగా విస్తరించాలన్న ప్రతిపాదనతో చెట్ల వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనిసరైన వాటిని తరలించేలా రహదారి సంస్థ ప్రణాళికను మార్చుకుంది.

మరోవైపు ప్రాణాల ప్రశ్న ఉంది. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొన్న ఘటనలో 19 మంది మృతి చెందారు. ఇరుకు దారిని వెడల్పు చేయాలన్న డిమాండు ఆ తరువాత మరింత బలపడింది. దీన్ని కాదనగల వారెవరూ లేరు. ఎలా వెడల్పు చేస్తారన్నదే ప్రశ్న.

కొలిచే విధానం

రహదారి, కూడలి మారితే ప్రాంత స్వరూపం ఎంత మారుతుందో లెక్కించే పద్ధతి బ్రిటన్‌లో స్థిరపడింది. అక్కడి నిపుణులు రెండు విషయాలను వేరుచేసి చూస్తారు. మొదటిది భూదృశ్యం. అంటే చెట్ల వరుస, చెరువు గట్టు, గుట్టల అంచు, పొలాల హద్దులు కలిసి ఒక ప్రాంతానికి ఇచ్చే రూపు. రెండోది దాన్ని చూసే మనిషి. లారీలో వేగంగా సాగిపోయే డ్రైవరుకు చెట్టు లేని లోటు క్షణకాలమే. చెట్టు కింద బస్సు కోసం గంటసేపు కూర్చునే వృద్ధునికి, ఎదురింటి గడపలో నిలబడే గృహిణికి ఆ లోటు నిత్యమూ ఉంటుంది. అందుకే నివాసితుల చూపునకు ఎక్కువ విలువ కడతారు.

ముందుగా ప్రజలు నిలబడే చోట్లను గుర్తించి ఫొటోలు తీస్తారు. నిర్మాణం పూర్తయ్యాక అదే చోటు నుంచి ఎలా కనిపిస్తుందో ఆ ఫొటోలపైనే చిత్రించి చూపుతారు. రహదారి ప్రారంభమైన ఏడాదిలో ఒకసారి, నాటిన మొక్కలు ఎదిగే పదిహేనో ఏట మరోసారి అంచనా కడతారు. మర్రి విషయంలో ఆ పదిహేనేళ్లు ఏమాత్రం చాలవు.

కూడలిలోనే చిక్కు

రహదారి పొడవునా ఉన్న చెట్ల కంటే కూడలిలోని చెట్టుకే ముప్పు ఎక్కువ. పక్క దారి నుంచి వచ్చే వాహనదారునికి ప్రధాన రహదారిపై వచ్చే వాహనం ముందే కనిపించాలి. ఇందుకు కూడలి మూలల్లో త్రికోణాకారపు ఖాళీ స్థలం ఉంచాలని ఇంజినీరింగ్ సూత్రం. లావుపాటి మాను, వేలాడే ఊడలు ఆ చూపును అడ్డుకుంటాయి. ఇది సాకు కాదు, నిజమైన అవసరమే. అయితే నీడ కింద జనం చేరేదీ, టీ కొట్లు వెలిసేదీ ఆ మూలల్లోనే. చెట్టు తీసిన చోట ఫ్లెక్సీలు వెలిస్తే చూపునకు మళ్లీ అడ్డే.

మధ్యే మార్గాలు లేకపోలేదు. చెట్ల వరుసను విభాగినిలో ఉంచి కొత్త దారిని ఒకపక్కగా వేయవచ్చు. అప్పుడు మాను పక్కన రక్షణ కంచె, రాత్రి మెరిసే గుర్తులు తప్పనిసరి. ఊళ్ల వెలుపల బైపాస్ వేస్తే పాత కూడలి చెట్లు చాలావరకు మిగులుతాయి. ఇక తరలింపు విషయానికి వస్తే, మర్రి తిరిగి వేరూనుకునే జాతే. కానీ తరలించే ముందు కొమ్మలు నరికివేస్తారు గనుక బతికిన చెట్టు కూడా ఏళ్ల తరబడి మోడులాగే ఉంటుంది. నీడ, వరుస రెండూ పోయినట్లే.

చట్టంలో ఖాళీ

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌కు 2013లో చేసిన సవరణ ప్రకారం, జాతీయ రహదారి విస్తరణ వంద కిలోమీటర్లు మించి, నిర్దేశిత వెడల్పుకు మించి భూమి తీసుకుంటేనే ముందస్తు అనుమతి అవసరం. 46 కిలోమీటర్ల పని ఆ పరిధిలోకి రాదు. చెట్లు కొట్టేందుకు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఆ ప్రక్రియ చెట్లను లెక్కిస్తుంది గానీ దృశ్యాన్ని లెక్కించదు.

విలువ కట్టే ప్రయత్నం ఒకటి జరిగింది. పశ్చిమ బెంగాల్‌లో జెస్సోర్ రోడ్డుపై రైల్వే వంతెనల కోసం 356 చెట్లు తొలగించే కేసులో, సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల కమిటీ ఒక్కో చెట్టు విలువను ఏడాదికి రూ.74,500గా లెక్కించింది. ప్రాణవాయువు, ఎరువు వంటివి ఆ లెక్కలో ఉన్నాయి. 2023లో కోర్టు తొలగింపునకు మార్గం సుగమం చేసింది.

కూడలి నమూనాను ముందుగానే చూడాలనుకునే గ్రామస్థులు సమాచార హక్కు చట్టం కింద నకలు కోరవచ్చు. అందులో ఏ చెట్టు ఉంటుందో, ఏది పోతుందో నంబర్లతో సహా గుర్తించారా, బస్సు ఆగే చోటు ఎటు జరుగుతుంది, అక్కడ నీడకు ఏం చేస్తారన్నవి అడగదగిన ప్రశ్నలు.