చక్రాల మీద సింహాసనం

మన రాజమహేంద్రవరంలో బయలుదేరి హైదరాబాదు చేరి, వెనుకకు మళ్ళితే సగం దారికైనా రాదు 356 మైళ్ళంటే. నిజాం కొలువులో ఉన్నన్నాళ్ళూ ఒక మోటారు కారు తిరిగిన దూరం మొత్తం అంతేనని చెబుతారు. చెడిపోయి మాత్రం కాదు సుమండీ!

అది 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్ల పైచిలుకు ఇంజను. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ వారు ఇంజనూ, చట్రమూ మాత్రమే ఇచ్చేవారు. పై కట్టుబడి కొనేవారి ముచ్చట. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటను లండనులోని బార్కర్ కంపెనీ తీర్చింది. కారు అనేకంటె అంబారీ అనాలి దాన్ని! ఆసఫ్‌జాహీల జెండా రంగయిన పసుపు, గుమ్మటం వంటి కప్పు, వెనుక సింహాసనంలా ఎత్తయిన ఆసనం. ఊరేగే ప్రభువు జనానికి కనబడాలి కదా మరి!

తీరా కారు వచ్చేసరికి ప్రభువు లేడు. 1911 ఆగస్టులో, నలభై అయిదేళ్ళకే కన్నుమూశాడు. గద్దెతోపాటు కారు కూడా కుమారుడు ఉస్మాన్ అలీఖానుకు దక్కింది. పొదుపరిగా పేరుపడిన ఆయన, ఉత్సవాలకు తప్ప దాన్ని బయటికి తీయించలేదు.

ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. చార్మినారు చూడబోయినవారు మరి నాలుగడుగులు వేస్తే చాలు.