చలికి కిరీటాలు: తెల్లాపూర్ పొగమంచు నుంచి బైకాల్ గడ్డ దాకా

పటాన్‌చెరులో ఏడాది పొడవునా మైనస్ 20 డిగ్రీలు! మే నెల మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద తారు మెత్తబడుతున్నా అక్కడి అంకె కదలదు. అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు బ్యాంకు సంగతి ఇది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, కొర్ర... 144 దేశాల నుంచి తెచ్చిన 1,20,000 పైచిలుకు విత్తన నమూనాలు. తరచూ తీసి వాడేవాటికి 4 డిగ్రీల గది, దశాబ్దాల తరబడి దాచేవాటికి మైనస్ 20 గది. తెల్లాపూర్ నుంచి అరగంట ప్రయాణం. మన ప్రాంతంలో చలి కిరీటం పెట్టాల్సి వస్తే నా ఓటు దీనికే.

ఆ విత్తనాలకు జంట కాపీలు ఇంకో చోట ఉన్నాయి. ఉత్తర ధ్రువానికి 1,300 కిలోమీటర్ల ఇవతల, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, గడ్డకట్టిన కొండ కడుపులో. 2008 ఫిబ్రవరి 26న తెరిచిన ఈ ప్రపంచ విత్తన ఖజానాకు దారి 100 మీటర్లకు పైగా కొండలోకి తొలిచిన సొరంగం. లోపల మైనస్ 18. చోటు 45 లక్షల రకాలకు. ధ్రువ ప్రాంతపు చీకట్లో దాని ముఖద్వారం ఆకుపచ్చగా, నీలంగా మెరుస్తుంటే ఫొటో తీయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మంచులో నిలబడి వాళ్లు తీస్తున్న ఆ కొండలో మన జొన్న గింజ కూడా ఉంది.

ఇక ఆరుబయటి చలి. హైదరాబాద్ చరిత్రలో అతి చల్లని రాత్రి 1946 జనవరి 8. బేగంపేటలో 6.1 డిగ్రీలు. అతి వేడి పగలు 1966 జూన్ 2. 45.5 డిగ్రీలు. రెండింటికీ తేడా 39.4. నగర శివారులో పటాన్‌చెరు, సంగారెడ్డి జిల్లా అవతలి కొసన కోహీర్, ఈ రెండూ ప్రతి డిసెంబరులో పత్రికలకెక్కుతాయి. జామకు పేరున్న కోహీర్‌లో చలి ముదిరితే ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగిపోతుంది. అయినా చెరువు గడ్డకట్టదు. ఆ భాగ్యం మన కెమెరాలకు లేదు.

మనకున్నది పొగమంచు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి పైకి పోయి, చల్లగాలి కింద తిష్ఠ వేస్తుంది. దాని నెత్తిన వెచ్చని గాలి. ఇక ఫ్యాక్టరీ పొగ, లారీల పొగ, చెరువు ఆవిరి, ఏదీ పైకి పోలేదు. ఫొటోకు పండగే, ఊపిరితిత్తులకు మాత్రం దండగ. తెల్లాపూర్ దగ్గర కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన ఇళ్ల సముదాయం ఒక్కచోట 15,660 ఫ్లాట్లది. తెల్లవారుజామున అంతటి కాలనీ కూడా కనపడదు, పై అంతస్తులు తప్ప!

ఇప్పుడు అసలు మంచు. స్కాట్లండ్ హైలాండ్స్. బ్రిటన్ మొత్తంలో అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 27.2. ఒకసారి కాదు, ముచ్చటగా మూడుసార్లు: బ్రేమార్‌లో 1895 ఫిబ్రవరి 11న, మళ్లీ అక్కడే 1982 జనవరి 10న, ఆల్ట్నహారాలో 1995 డిసెంబరు 30న. పాయింటు కూడా తేడా లేదు. బేగంపేట రికార్డు కంటే 33.3 డిగ్రీలు కింద.

చలి వాళ్లదే. ఎత్తు మాత్రం మనది! బ్రిటన్‌లోకెల్లా పెద్ద కొండ బెన్ నెవిస్. 1,345 మీటర్లు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మ కొండ 1,680 మీటర్లు. అంటే 335 మీటర్ల మొగ్గు మనకే. తెలంగాణలో ఎత్తయిన డోలి గుట్ట 965 మీటర్లు. స్కాట్లండ్‌లో 3,000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన కొండల్ని ‘మన్రో’లంటారు. 1891లో హ్యూ మన్రో వేసిన జాబితా అది. ఇప్పుడు లెక్క 282. డోలి గుట్ట అక్కడుంటే అదీ ఒక మన్రోనే, వారాంతానికి జనం క్యూ కట్టేవారు. ఇంకో చిత్రం: ఇక్రిశాట్ పొలాలు సముద్ర మట్టానికి 545 మీటర్ల ఎత్తున ఉన్నాయి. హైలాండ్స్‌లో జగమెరిగిన సరస్సు లాక్ నెస్ ఉపరితలం 16 మీటర్లే.

మరి అంత పొట్టి కొండలకు అంత మంచెలా? అక్షాంశం. ఇన్వర్‌నెస్ 57 డిగ్రీల ఉత్తరాన ఉంది, మనం 17 దగ్గర. డిసెంబరు 21న మన పగలు 11 గంటలు, వాళ్లది ఆరున్నర. మిట్టమధ్యాహ్నం మన సూర్యుడు దిగంతానికి 49 డిగ్రీల పైన, వాళ్ల సూర్యుడు 9 డిగ్రీలే. తెల్లాపూర్‌లో సూర్యోదయం తర్వాత ముక్కాలు గంటకే చేజారిపోయే ఆ వాలు వెలుగు, ఆ పొడుగు నీడలు, ఆ బంగారు రంగు అక్కడ పొద్దస్తమానం ఉంటాయి. హైలాండ్స్ ఫొటోల రహస్యం కెమెరా ఖరీదులో ఉందనుకునేవాళ్లు ఈ 9 డిగ్రీల లెక్క ఒక్కసారి చూడాలి.

మన రాష్ట్రాల్లో గడ్డకట్టిన మంచును కెమెరాకు చూపగల ఊరు లంబసింగి. దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. ముద్దుపేరు ఆంధ్రా కశ్మీర్. చలి బిగిస్తే గడ్డిపరకల మీద, వాహనాల అద్దాల మీద మంచుబిందువులే గట్టిపడతాయి. కొత్తవాళ్లు లోయంతా తెల్లబడుతుందని ఆశపడి వస్తారు. లోయ నిండేది మేఘంతో. అసలు మంచును చూడాలంటే మోకాళ్ల మీద కూర్చుని మాక్రో లెన్స్ పెట్టాలి.

నీటిలో చాంపియన్ ఎవరు? బ్రిటన్‌లో పరిమాణానికి లాక్ నెస్. 7.4 ఘన కిలోమీటర్లు. మన భాషలో 261 టీఎంసీలు! సింగూరు నిండితే దాదాపు 30 టీఎంసీలు కాబట్టి, సుమారు తొమ్మిది సింగూరులు ఒకే గాడిలో. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నీ కలిపినా ఇన్ని నీళ్లు లేవు. లోతు 230 మీటర్లు. అందుకే ఇది గడ్డకట్టదు. నీరు అతి బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. చల్లబడిన పైనీరు మునిగిపోతుంది, అడుగునుంచి వెచ్చనిది తేలుతుంది. తొమ్మిది సింగూరుల నీరంతా ఇలా పైకీ కిందికీ తిరిగి చల్లబడేలోపు వసంతం వచ్చేస్తుంది. గడ్డకట్టిన లాక్ నెస్ ఫొటో అని ఎవరైనా పంపితే నమ్మకండి.

లోతులో మొనగాడు లాక్ మోరార్. 310 మీటర్లు. నాగార్జునసాగర్ ఆనకట్ట 124 మీటర్లు. రెండున్నర సాగర్లు మునిగేంత.

విస్తీర్ణంలో లాక్ లోమండ్. 71 చదరపు కిలోమీటర్లు. మన అమీన్‌పూర్ పెద్దచెరువు 93 ఎకరాలు. లోమండ్‌లో అలాంటివి 188 పట్టేస్తాయి. అయితే అమీన్‌పూర్‌కూ ఒక కిరీటం ఉంది: 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు. నగర ప్రాంతపు జలాశయాల్లో దేశంలోనే అది మొదటిది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, నడుమ కొంగలు. అంత పెద్ద లోమండ్ కూడా 1895 నాటి చలికి లొంగి గడ్డకడితే, జనం దానిపై స్కేటింగ్ చేశారు.

గడ్డకట్టేవాటిలో చక్రవర్తి బైకాల్. సైబీరియా. వయసు 2.5 కోట్ల ఏళ్లు. భూమ్మీద అతి పాత సరస్సు, అతి లోతైన సరస్సు కూడా. 1,642 మీటర్లు! ఇరవై మీటర్ల తాటిచెట్లు ఒకదాని నెత్తిన ఒకటి 82 నిలబెట్టినా చివరి చెట్టు మొవ్వ నీళ్లలోనే. పొడవు 636 కిలోమీటర్లు, దాదాపు హైదరాబాద్ నుంచి విశాఖకు రోడ్డు దూరం. నీరు 8 లక్షల టీఎంసీల పైమాటే. చలికాలంలో మీటరుకు పైగా మందాన గడ్డ. అద్దంలా తేటగా, నీలిపచ్చగా, లోపల గాలిబుడగలు వరుసలు వరుసలుగా బిగుసుకుపోయి ఉంటాయి. ఫొటోగ్రాఫర్లు బోర్లా పడుకుని తీసేది వీటినే. 1904లో రష్యా-జపాన్ యుద్ధం వేళ ఈ గడ్డ మీదే రైలు పట్టాలు పరిచారు. ఇంజను బరువు ఆగదని పెట్టెల్ని గుర్రాలతో లాగించారు.

మన దేశానికొస్తే లదాఖ్ పాంగాంగ్. కొంచెం ఉప్పు నీరు, అయినా గడ్డకట్టేస్తుంది. 2023 ఫిబ్రవరి 20న ఆ గడ్డ మీద 21 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. 13,862 అడుగుల ఎత్తున. గడ్డకట్టిన సరస్సు మీద అంత ఎత్తున జరిగిన హాఫ్ మారథాన్‌గా గిన్నిస్ రికార్డు.

గాలిలో చాంపియన్ స్కాట్లండ్‌లోని కెయిర్న్‌గార్మ్ శిఖరం. 1986 మార్చి 20న ఒక్క విసురు గంటకు 173 మైళ్లు, అంటే 278 కిలోమీటర్లు. 2014లో విశాఖను కూల్చిన హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పటి వేగం సుమారు 180. ట్రైపాడ్ సంగతి దేవుడెరుగు, మనిషి నిలబడటమే గొప్ప.

మొండితనంలో చాంపియన్ బ్రేరియాక్ కొండ మీది ‘స్ఫింక్స్’. బ్రిటన్‌లో అందరికంటే ఆలస్యంగా కరిగే మంచు ముక్క ఇది. ఇరవయ్యో శతాబ్దం మొత్తంలో పూర్తిగా కరిగింది 1933, 1959, 1996లలో మాత్రమే. ఈ శతాబ్దంలో 2003, 2006, 2017, 2018, 2021, 2022, 2023... లెక్క పెట్టడమే విసుగొచ్చేంత వేగం.

అతి విలువైన పొగమంచు? బెన్ నెవిస్ శిఖరం మీదిది! 1883 నుంచి 1904 దాకా అక్కడో వాతావరణ కేంద్రం నడిచింది. 1894 సెప్టెంబరులో సి.టి.ఆర్. విల్సన్ అనే కుర్ర శాస్త్రవేత్త అక్కడ పనిచేస్తూ, కింది మేఘం మీద పడిన నీడ చుట్టూ రంగుల వలయాలు చూశాడు. దాన్ని గదిలో పుట్టించాలని మేఘపు పెట్టె తయారుచేశాడు. అందులో అణుకణాల జాడలు ఫొటోకు చిక్కాయి. 1927లో నోబెల్. మేఘాన్ని చూస్తూ కూర్చుంటే ఏం వస్తుందని అడిగేవాళ్లకు ఇదీ జవాబు.

అతి చిన్న విషయానికి అతి పెద్ద ఓపిక: విల్సన్ బెంట్లీ. అమెరికాలో వెర్మాంట్ రైతు. సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి 1885 జనవరి 15న ఒక్క హిమస్ఫటికాన్ని ఫొటో తీశాడు. ఆపకుండా 5,000 దాటించాడు. ఊపిరి తగిలితే కరిగిపోయే వస్తువు కదా, శ్వాస బిగబట్టి తీయాల్సిందే. చివరికి 1931 డిసెంబరులో మంచు తుపానులో నడిచి, న్యుమోనియా వచ్చి పోయాడు.

అతి బరువైన ఫొటో సంచి ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్‌ది. 1866లో హిమాలయాల్లో మణిరంగ్ కనుమ. 18,600 అడుగులు. అంత ఎత్తున తీసిన ఫొటోలుగా అక్కడ అతను తీసినవి ఇరవై ఏళ్ల పాటు రికార్డు. అప్పటిది తడి ప్లేటు పద్ధతి: గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే గుడారంలో కడగాలి. గాజు, రసాయనాలు, గుడారం మోయడానికి పదుల కొద్దీ కూలీలు. ఫొటోల కింద వాళ్ల పేర్లు మాత్రం లేవు.

నేటి సంచి తేలిక, చిక్కులు మాత్రం పాతవే. చలికి బ్యాటరీ సగంలోనే చతికిలబడుతుంది. రెండోది లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచుకోవాలి. కెమెరా మీటరు తెల్లదనాన్ని నమ్మదు, మంచునంతా బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచాలి. తెల్లాపూర్ పొగమంచుకూ ఇదే సూత్రం. చల్లని కెమెరాను నేరుగా వెచ్చని ఇంట్లోకి తెస్తే లెన్స్ నిండా చెమట. గుమ్మం బయటే కవర్లో పెట్టి మూతి బిగించి, గంటసేపు దాని జోలికి పోకూడదు. ఇంటికి రాగానే ఫొటోలు చూసేయాలన్న ఆత్రం ఎన్ని లెన్సుల్లో బూజు పెంచిందో!

ఇక రాళ్ల వయసులో పోటీ గట్టిది. వాయవ్య హైలాండ్స్ లూయిసియన్ శిలలు 300 కోట్ల ఏళ్లవి. మన చుట్టూ ఉన్న గ్రానైట్ గుండ్లు సుమారు 250 కోట్లు. హిమాలయాలు మొదలై 5 కోట్ల ఏళ్లే. ఆ గడ్డకట్టిన శిఖరాలు ఈ శిలల ముందు నిన్నటి పిల్లలు. 300 కోట్ల శిలను అక్కడ ఫొటో తీస్తున్నారు, 250 కోట్ల శిలను ఇక్కడ జెలటిన్ పెట్టి పేలుస్తున్నారు.

గడ్డకట్టే సరస్సుల నుంచి మన జిల్లాకు నేరుగా వచ్చే అతిథి ఒకటుంది. తల మీద రెండు నల్లచారలున్న పెద్దబాతు. ఎండాకాలం లదాఖ్, టిబెట్, మంగోలియా సరస్సుల్లో పిల్లల్ని లేపి, అక్కడి నీరు బిగుసుకోగానే హిమాలయాలు దాటుతుంది. వీపున పరికరం కట్టి కొలిస్తే ఒకటి 7,290 మీటర్ల దాకా ఎగిరింది. బెన్ నెవిస్‌లు ఐదు పేర్చినా అందని ఎత్తు. చలికాలం మజిలీల్లో మన మంజీర ఒకటి: 1978లో ప్రకటించిన అభయారణ్యం, 36 కిలోమీటర్ల నదిపాయ, లంకలు, మొసళ్లు.

ఎత్తులో మన మనుషులూ తక్కువ తినలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టెక్కిన అమ్మాయిల్లో అంత చిన్నది అప్పటికి లేదు. తాడు పట్టడం నేర్చుకున్నది భువనగిరి రాతిగుట్ట మీద. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో చుట్టేశాడు. జనవరి 19న అంటార్కిటికాలో మొదలు, జూలై 10న అలాస్కాలో ముగింపు. వారంలో ఒక్కో రోజుకు ఒక్కో శిఖరం పడేలా!

చివరి కిరీటం అతి పెద్ద మంచు ఫొటోకు. మోన్ బ్లాన్ పర్వతం. ఇటలీ ఫొటోగ్రాఫర్ ఫిలిప్పో బ్లెంజీని బృందం 3,500 మీటర్ల ఎత్తున, మైనస్ 10 డిగ్రీల్లో, 35 గంటలు కష్టపడి 70,000 ఫొటోలు తీసింది. అన్నీ కుట్టి 2015లో ఒక్కటిగా విడుదల చేస్తే 365 గిగాపిక్సెళ్లు. మూల ఫొటోల బరువు 46 టెరాబైట్లు. 128 జీబీ ఫోన్లయితే మూడున్నర వందలకు పైగా కావాలి, అదీ వాట్సాప్ గుడ్‌మార్నింగులన్నీ తీసేస్తేనే.