అధికమాసము – కార్తెల లెక్క



అధికమాసము వచ్చినదనగానే మన అనంతపురము మెట్ట పల్లెలలో కొందరికి జంకు. "శూన్యమాసము కదా, విత్తనము వేయవచ్చునా?" అని అడుగుతారు. యేటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, వేరుశనగను నమ్ముకొని బ్రదికే సీమలో ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక్క పదును చేజారితే ఆ యేటి పంటయే చేజారవచ్చును. కనుక ఈ మాసము ఎట్లు ఏర్పడుతున్నదో ముందుగా తెలిసికొందాము.

చంద్రుని లెక్కలో పన్నెండు మాసములకు సుమారు 354 దినములు. సూర్యుని లెక్కలో సంవత్సరమునకు 365 దినములకు పైగా. యేటికి దాదాపు పదకొండు దినములు వెనుకబాటు. దీనిని సవరింపకున్న పదహారు పదిహేడేండ్లలో ఉగాది దసరా నాటి ఋతువులో వచ్చి కూర్చుండును!

మన జిల్లాలోని గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల ఉత్సవమునకు మనలో ఎందరో వెళుతుంటారు. మొహర్రము పదవ దినము 2022లో ఆగస్టు 9న, 2023లో జూలై 29న, 2024లో జూలై 17న వచ్చినది. ఆ పంచాంగము చంద్రుని మాత్రమే అనుసరించును గనుక ఆ పండుగ సుమారు 33 ఏండ్లలో అన్ని ఋతువులను చుట్టి వచ్చును. మన ఉగాది 2022లో ఏప్రిల్ 2న, 2023లో మార్చి 22న వచ్చినది. ఇంతవరకు నడక ఒకటే. కాని 2024లో అది ఏప్రిల్ 9కి మరలినది. నడుమ ఒక అధికమాసము చేరినది కదా! కదిరి నరసింహస్వామి తేరు ఫాల్గుణములో, ఎండలు ముదురుతున్న వేళనే కదలుచుండుట ఈ సవరణ వలననే.

ఈ అధికమాసమును ఏ పీఠాధిపతియో, ఏ ప్రభుత్వమో నిర్ణయించుట లేదు. ఒక అమావాస్య ముగిసినది మొదలు మరుసటి అమావాస్య ముగియువరకు ఒక చాంద్రమాసము. ఆ లోపల సూర్యుడు ఒక రాశి నుండి మరొక రాశిలో ప్రవేశింపవలెను. అదియే సంక్రమణము. సంక్రమణము లేని మాసము అధికమాసము. శోభకృత్ సంవత్సరమును చూడండి. దృగ్గణితము ప్రకారము 2023 జూలై 17 తెల్లవారుజామున కర్కాటక సంక్రమణము జరిగినది. ఆ రాత్రి అర్ధరాత్రి దాటిన వెంటనే అమావాస్య ముగిసినది. తరువాతి అమావాస్య ఆగస్టు 16 మధ్యాహ్నము ముగిసినది. సూర్యుడు సింహములో ప్రవేశించినది ఆగస్టు 17న. అనగా రెండు అమావాస్యల నడుమ సూర్యుడు కర్కాటకములోనే ఉన్నాడు. అందుచేత అది అధిక శ్రావణము. మరుసటిది నిజ శ్రావణము. వరలక్ష్మీవ్రతము ఆగస్టు 25న, నిజ శ్రావణములోనే జరిగినది.

సగటున ముప్పది రెండున్నర మాసముల కొకసారి ఇట్లు జరుగును. పందొమ్మిదేండ్లకు ఏడు అధికమాసములు. 1985, 2004, 2023 సంవత్సరములు మూడింటను అధిక శ్రావణమే వచ్చుట పెద్దలు గమనించియే ఉంటారు. ఇంగ్లీషు క్యాలెండరు నాలుగేండ్లకొక దినము చేర్చి, 1900 వంటి శతాబ్ది సంవత్సరములలో దానిని మానుకొనును. అది సూర్యుని ఒక్కనితో సరిపెట్టుకొనెడి సులువైన లెక్క. మనది ఇరువురితో పొత్తు!

ఇక విత్తనము సంగతి. జూలై మొదటి వారములో భూమి సూర్యునికి మిక్కిలి దూరమున ఉండును గనుక ఆకాశములో సూర్యుని నడక మందగించును. మిథునరాశిని దాటుటకు ముప్పదియొక్క దినములకు పైగా పట్టును. మాసము కన్న రాశి పొడవైనప్పుడే సంక్రమణము తప్పిపోవు అవకాశమెక్కువ. కనుక అధికమాసము చాలవరకు చైత్రము మొదలు ఆశ్వయుజము లోపలనే వచ్చును. చలికాలములో దీనికి విపరీతము. అప్పుడు ఒకే మాసములో రెండు సంక్రమణములు పడి క్షయమాసము కావచ్చును. 1963–64లోను, 1982–83లోను అట్లే అయినది. అధికమాసము మన విత్తుల వేళనే తరచు కనబడుటకు కారణమిది. వాన ఎగ్గొట్టుటకు అది రాలేదు.

మరొక మాట. రైతు చూచెడిది మాసమును కాదు, కార్తెను. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అనునవి సూర్యుడు నడచు నక్షత్రములు. చాంద్రమాసము ఒకటి పెరిగినను కార్తె ఒక్క దినమైనను జరుగదు. 2023 అధిక శ్రావణములో పుష్యమి, ఆశ్లేష కార్తెలు తమ వేళకే వచ్చినవి. వివాహము, ఉపనయనము, గృహప్రవేశము వంటివి ఈ మాసమున చేయరాదన్నారు. నిత్యకర్మలకు, వాయిదా వేయ వీలులేని పనులకు అడ్డు చెప్పలేదు. అదను దాటితే మరల రాని విత్తు అట్టి పనియే అని మా అభిప్రాయము. పురుషోత్తమ మాసమని పేరున్న ఈ నెలలో జపము, దానము, ముప్పదిమూడు అపూపముల వాయనము ఇంటిలో జరుగుచుండగా, గొర్రు చేనిలో నడువవచ్చును.

పరాభవ సంవత్సరమున, 2026లో, అధిక జ్యేష్ఠము మే 17 నుండి జూన్ 15 వరకు. మృగశిర కార్తె ప్రవేశము జూన్ 8 ప్రాంతమున, ఆ మాసములోనే.