మీకు తెలుసా? గెంటేయడానికి ఒక పరీక్ష, పాయింట్లకు ఒక పరీక్ష

టార్నీట్‌లో గది తీసుకుని మెల్‌బోర్న్ సిటీలో చదువుకునే మాకు వీ/లైన్ రైలే దిక్కు. టార్నీట్ స్టేషన్ తెరిచింది 2015 జూన్ 21న. పేరుకు మెల్‌బోర్న్‌లో ఓ పేటే అయినా, ఇక్కడికొచ్చేది కరెంటు రైలు కాదు, జీలాంగ్ నుంచి కిక్కిరిసి వచ్చే డీజిల్ బండి. 2016 జనాభా లెక్కల్లో టార్నీట్‌లో 34,562 మంది, 2021లో 56,370. అందులో మనవాళ్లెందరో చూడాలంటే సాయంత్రం ఆరింటికి ప్లాట్‌ఫాం మీద నిలబడండి. ‘‘ఏరా, దిగావా? వచ్చేటప్పుడు పెరుగు డబ్బా పట్రా’’ అని ఎవరి ఫోనో అరుస్తూనే ఉంటుంది.

ఈ దారిలోనే సన్‌షైన్ స్టేషన్ వస్తుంది. ఒకప్పుడు అక్కడ హ్యూ విక్టర్ మెకే కోతయంత్రాల ఫ్యాక్టరీ ఉండేది. పన్ను మినహాయింపు కోసం, తానిచ్చే జీతాలు సబబైనవేనని తేల్చమంటూ ఆయనే 1907లో కోర్టుకెక్కాడు. న్యాయమూర్తి హిగిన్స్ యజమాని లాభనష్టాలు పక్కనబెట్టి, అయిదుగురున్న సంసారం మర్యాదగా గడవాలంటే ఎంత కావాలో లెక్కేశాడు. మామూలు కూలీకి రోజుకు 7 షిల్లింగులు అన్నాడు. మెకే కంగుతిన్నాడు. ఆ పన్ను చట్టాన్ని మరుసటేడే హైకోర్టు కొట్టేసినా, ఆ లెక్క మాత్రం దశాబ్దాల పాటు ఆస్ట్రేలియా కూలి రేట్లకు పునాది అయింది.

అయితే ఆ సంసారం ఎవరిది? మనది మాత్రం కాదు. చవగ్గా పనిచేసే ఆసియావాళ్లను రానిస్తే కూలి పడిపోతుందన్నది అప్పటి కార్మిక సంఘాల వాదన. పాఠాల్లో ఆ కూలి తీర్పునూ, ఆసియావాళ్లను రానివ్వకపోవడాన్నీ వేర్వేరు వారాల్లో చెబుతారు గానీ, నాకైతే ఒకే కథలా కనిపిస్తాయి.

సిటీలో దిగి ట్రామెక్కితే స్ప్రింగ్ స్ట్రీట్‌లో స్తంభాల పార్లమెంటు భవనం కనిపిస్తుంది. 1927 దాకా దేశ పార్లమెంటు నడిచింది అక్కడే. ఆసియావాళ్లను ఆపడానికి 1901లో వలసల నిరోధక చట్టం చేసిందీ అక్కడే. చట్టంలో ఒంటి రంగు ఊసే లేదు, చాలా తెలివిగా రాశారు. అధికారి ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటలు చదువుతాడు, వచ్చినవాడు రాయాలి. ఏ భాషో అధికారి ఇష్టం. ఇంగ్లిష్ వచ్చినవాడికి ఇంకోటి పెట్టొచ్చు. రాయలేకపోతే తిరుగు ఓడే.

ఎగాన్ కిష్ అనే ప్రాగ్ పాత్రికేయుడి ముచ్చట వినాల్సిందే. హిట్లర్‌కు వ్యతిరేకంగా మాట్లాడేందుకు 1934లో వస్తే, దిగనివ్వలేదు. పోర్ట్ మెల్‌బోర్న్‌లో ఓడ మీంచి రేవులోకి దూకేశాడు. కాలు విరిగింది. మళ్లీ ఓడెక్కించి సిడ్నీకి తీసుకెళ్లారు. చాలా యూరప్ భాషలొచ్చిన మనిషి కదా, అందుకని స్కాట్లాండ్ గేలిక్‌లో పరీక్ష పెట్టి ఫెయిల్ చేశారు! ఆ చట్టం దృష్టిలో గేలిక్ యూరప్ భాషే కాదని హైకోర్టు తేల్చింది. కిష్ గెలిచాడు, ఇక్కడి స్కాట్లాండ్ వాళ్లకు మాత్రం ఒళ్లు మండింది.

ఈ పరీక్ష 1958లో పోయింది. వలసల్లో జాతి చూడొద్దని విట్లమ్ ప్రభుత్వం నిర్ణయించింది 1973లో.

ఇప్పుడు చూడండి. పీఆర్ (శాశ్వత నివాసం) కోసం పాయింట్లు కూడబెట్టుకునే మా గదుల్లో అందరి నోటా ‘నాటి సీసీఎల్’ (NAATI CCL) అనే భాషా పరీక్ష మాటే. ఇంగ్లిష్‌కూ తెలుగుకూ మధ్య రెండు సంభాషణలను నోటితో అటూ ఇటూ చెప్పాలి. 90 మార్కులకు కనీసం 63 రావాలి. పాసైతే 5 పాయింట్లు. అద్దె పెంచే ఓనరుగా ఒకడు, బెంబేలెత్తిన బాబాయిగా ఇంకొకడు, మధ్యలో మూడోవాడు, రాత్రి పదకొండు దాకా ఇదే ప్రాక్టీసు. చిత్రమేమిటంటే, ఎక్కువమంది తడబడేది ఇంగ్లిష్‌లో కాదు, తెలుగులోనే. ఇంగ్లిష్ మీడియం పిల్లలం మరి! ఫీజేమో వందల డాలర్లు. క్లాసులు జరిగే రోజుల్లో పక్షానికి 48 గంటలకు మించి పనిచేయరాని స్టూడెంటు వీసా మీద అంత కూడబెట్టడం తేలిక కాదు. తప్పితే మళ్లీ మొత్తం కట్టాల్సిందే.