వికలాంగ మాజీ సైనికునికి దుస్తుల భత్యం: నియమాల్లో ఉన్నదేమిటి, అడిగితే వచ్చేదేమిటి

శంషాబాద్: సైనిక విధుల్లో కాలో, చేయో కోల్పోయి ఇంటికి చేరిన మాజీ సైనికునికి దుస్తుల భత్యం ఉందా, ఉంటే దరఖాస్తు ఎక్కడ సమర్పించాలి అనే ప్రశ్నకు సూటి సమాధానం ఒకటే. మన దేశ రక్షణ పింఛను నియమాల్లో ఆ పేరుతో ప్రత్యేక భత్యం లేదు. అయితే ఆ ఖర్చును కొంతమేరకైనా భరించగల ప్రయోజనాలు వేర్వేరు శీర్షికల కింద ఉన్నాయి. వాటిలో ఒకటి రెండు మాత్రమే పింఛనుతోపాటు వాటంతట అవే వస్తాయి. తక్కినవన్నీ సైనికుడు స్వయంగా కోరితేనే మంజూరవుతాయి. రంగారెడ్డి జిల్లాలోని శంషాబాద్, విమానాశ్రయ పరిసర గ్రామాల్లో స్థిరపడిన వికలాంగ మాజీ సైనికులు తమకు రావలసిన సొమ్మును కోల్పోయే ప్రమాదం ఉన్నది ఈ తేడా తెలియకపోవడం వల్లనే.

దుస్తుల భత్యం అనే మాట ప్రధానంగా అమెరికా నిబంధనల నుంచి వచ్చింది. అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, సేవాకాలపు వైకల్యం కారణంగా వాడే కృత్రిమ అవయవం, చక్రాల కుర్చీ వంటి సాధనాల వల్ల లేదా చర్మానికి రాసే మందుల వల్ల బట్టలు పాడయ్యేవారికి ఏడాదికొకసారి ఈ భత్యం చెల్లిస్తుంది. ఆ ఏటి చెల్లింపునకు దరఖాస్తు గడువు ఆగస్టు 1. బ్రిటన్ యుద్ధ పింఛను పథకంలోనూ ఇటువంటి భత్యం ఉంది. ఇవి ఆయా దేశాల సైన్యాల్లో పనిచేసిన వారికే వర్తిస్తాయి. భారత సైన్యంలో పనిచేసి, ప్రస్తుతం అమెరికాలో పిల్లల వద్ద ఉంటున్న తెలుగు మాజీ సైనికులకు వర్తించవు. ఈ గడువును, ఈ భత్యాన్ని మన సైనికులకు సంబంధించినవిగా పత్రికల్లో పేర్కొంటే దరఖాస్తుదారులు లేని పత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

మన సైన్యంలోనూ దుస్తుల భత్యం ఉన్నదనే వాదన పూర్తిగా తప్పు కాదు. ఏడవ వేతన సంఘం సిఫారసుల అనంతరం 2017లో యూనిఫారానికి సంబంధించిన పలు భత్యాలను ఒకే దుస్తుల భత్యంగా కలిపి, సైనికాధికారులకు ఏడాదికి 20,000 రూపాయలు, ఇతర హోదాల వారికి 10,000 రూపాయలుగా నిర్ణయించారు. అది యూనిఫారం ధరించి సేవలో ఉన్నవారికి ఉద్దేశించినది. సేవ ముగిసిన రోజుతో అది కూడా ముగుస్తుంది.

సమస్య మాత్రం అక్కడితో ముగియదు. మోకాలి పైభాగాన తొలగించిన కాలికి అమర్చే కృత్రిమ అవయవంలో మోకాలి కీలు లోహంతో చేసినదై ఉంటుంది. కూర్చున్నప్పుడు, లేచినప్పుడు ఆ కీలు ప్యాంటు గుడ్డను లోపలి నుంచి రాస్తుంది. అందువల్ల ఒక కాలి గుడ్డ చెక్కుచెదరకుండా ఉండగానే రెండో కాలి గుడ్డ మోకాలి వద్ద చిరిగిపోతుంది. చంక కర్రలు వాడేవారి చొక్కాలు చంకల కింద అరిగిపోతాయి. చక్రాల కుర్చీని చేతులతో తిప్పుకునేవారి ముంజేతి పట్టీలు మాసి చిరుగుతాయి. వేసవిలో అవయవపు గిన్నెలో చెమట చేరి, మొండి భాగానికి తొడిగే మేజోళ్లు రోజుకు రెండు మూడు సార్లు మార్చవలసి వస్తుంది. 2008 మార్చి 23న విమానాశ్రయం రాకపోకలకు ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతంలో గిడ్డంగులు, హోటళ్లు పెరిగి, మాజీ సైనికులకు కాపలా ఉద్యోగాలు దొరుకుతున్నాయి. గంటల తరబడి నిలబడి చేసే ఆ ఉద్యోగంలో ఇస్త్రీ చెడని దుస్తులు తప్పనిసరి. వికలాంగునికి ఇది చిన్న ఖర్చుగా కనిపించినా ఏడాది పొడవునా సాగే ఖర్చు.

ఈ ఖర్చుకు మొదటి ఆధారం వైకల్య పింఛను. సేవ నుంచి విడుదలయ్యే సమయంలో మెడికల్ బోర్డు రెండు విషయాలు తేల్చుతుంది. వైకల్యం సైనిక సేవ వల్ల కలిగినదా లేక సేవ వల్ల తీవ్రమైనదా అన్నది మొదటిది. అది ఎంత శాతం అన్నది రెండవది. సేవతో సంబంధం ఉన్నదని తేలి, శాతం 20కి తగ్గకపోతే వైకల్య భాగం మంజూరవుతుంది. నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం, అంతకు తక్కువైతే ఆ నిష్పత్తిలో లెక్కిస్తారు. వైకల్యం కారణంగా సేవ నుంచి తొలగించినవారి విషయంలో 50 కన్నా తక్కువ శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 పైబడితే 100గా సవరించే పద్ధతి 1996 జనవరి 1 నుంచి అమలులో ఉంది.

ఈ సవరణ విలువ ఎంతో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. చివరి వేతనం 40,000 రూపాయలు, వైకల్యం 30 శాతం అనుకుంటే, సవరణ లేకుండా వైకల్య భాగం నెలకు 3,600 రూపాయలు. సవరణ వర్తిస్తే 6,000 రూపాయలు. నెలకు 2,400 రూపాయల తేడా, దానిపై కరువు భృతి అదనం. పూర్తి కాలం పనిచేసి పదవీ విరమణ చేసిన వికలాంగ సైనికులకూ ఈ సవరణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరులో తీర్పు చెప్పింది. కానీ ఆ తీర్పు ప్రతి పింఛనుదారుని పత్రంలోనూ దానంతట అదే చేరలేదు. పలువురు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి సాధించుకోవలసి వచ్చింది. అందుచేత పదవీ విరమణ చేసిన ప్రతి వికలాంగ సైనికుడు తన పింఛను మంజూరు పత్రం తీసి, మెడికల్ బోర్డు ఇచ్చిన శాతానికి, చెల్లింపునకు లెక్కించిన శాతానికి గల తేడాను చూసుకోవడం అవసరం. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హత నియమాలు అమలులోకి వచ్చాయి. ఆ తేదీ తరువాత విరమించినవారు పై లెక్కను యథాతథంగా తమకు అన్వయించుకోరాదు.

యుద్ధంలో లేదా తీవ్రవాద వ్యతిరేక చర్యల వంటి నిర్దేశిత సందర్భాల్లో గాయపడినవారికి వర్తించేది యుద్ధ గాయ పింఛను. దాని రేట్లు ఇంతకన్నా చాలా ఎక్కువ. గాయం ఏ తరగతి కింద నమోదైందన్నదే ఇక్కడ కీలకం. కనుక గాయపడిన నాటి నివేదిక నకలును భద్రపరచుకోవాలి.

నూరు శాతం వైకల్యంతో మరొకరి తోడు లేనిదే బట్ట కట్టుకోలేని స్థితిలో ఉన్నవారికి నిరంతర సహాయకుని భత్యం ఉంది. ఏడవ వేతన సంఘం సిఫారసుల అనంతరం దీనిని నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించారు. కరువు భత్యం 50 శాతం పెరిగిన ప్రతిసారీ ఇది 25 శాతం పెరిగే ఏర్పాటు ఉంది. అయితే తోడు అవసరమని మెడికల్ బోర్డు సిఫారసు చేయాలి.

అడిగితేనే వచ్చేవాటిలో పునఃపరిశీలన ముఖ్యమైనది. శాశ్వత స్వభావం గల వైకల్యాన్ని ఒకసారి నిర్ణయించిన తరువాత కొన్నేళ్లకొకసారి తిరిగి పరీక్షించే పాత పద్ధతిని 2001లో తొలగించారు. సైనికునికి ఇది ఊరటే. కానీ దీనికి మరో వైపు ఉంది. ఇరవై ఏళ్ల క్రితం పాదం కోల్పోయినవారికి ఇప్పుడు మోకాలు కూడా దెబ్బతిన్నా, ఆయన కోరనంతవరకు శాతం పాతదే కొనసాగుతుంది. తిరిగి పరీక్ష కోరుతూ తన రికార్డు కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవాలి. దాని కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సహాయం పొందవచ్చు. పరీక్షలో శాతం పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. ఇటీవలి వైద్య పత్రాలు చేతిలో లేకుండా దరఖాస్తు చేయడం మంచిది కాదు.

కృత్రిమ అవయవం విషయానికి వస్తే, 1944లో నెలకొల్పిన పుణేలోని కృత్రిమ అవయవ కేంద్రం సేవలోని సైనికులకు, అర్హులైన మాజీ సైనికులకు అవయవాలు అమర్చుతుంది. అవయవం సరిపోకపోవడం బట్టలు చిరగడానికి కూడా ఒక కారణం. బరువు తగ్గినా పెరిగినా గిన్నె వదులవుతుంది, లేదా బిగుస్తుంది, కీలు పక్కకు ఒరుగుతుంది. కనుక కొత్త ప్యాంటు కుట్టించే ముందు అవయవాన్ని సరిచేయించుకోవడం మేలు. 2003 ఏప్రిల్‌లో ప్రారంభమైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం, ఈసీహెచ్ఎస్ సభ్యులు తమ పాలీక్లినిక్ ద్వారా కూడా కృత్రిమ అవయవాల గురించి సంప్రదించవచ్చు.

పుణేకు శంషాబాద్ నుంచి విమానంలో వెళ్లేవారు ఒక విషయం గుర్తించాలి. ప్రత్యేక అవసరాలు గల ప్రయాణికుల తనిఖీకి పౌర విమానయాన భద్రతా బ్యూరో 2014లో విధానం నిర్దేశించింది. కృత్రిమ అవయవం ధరించినవారు తనిఖీని అందరి ముందు కాక విడి గదిలో జరపమని కోరవచ్చు. వరుసలో నిలబడిన తరువాత కాక, తనిఖీ ద్వారం వద్దకు చేరగానే ఈ సంగతి తెలియజేస్తే ఇరువర్గాలకూ ఇబ్బంది ఉండదు.

సేవ తరువాత ప్రమాదంలోనో వ్యాధి వల్లనో వికలాంగులైన మాజీ సైనికులకు వైకల్య పింఛను రాదు. వారికి కేంద్రీయ సైనిక బోర్డు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి సాయం అందిస్తుంది. 50 శాతం, అంతకు మించి వైకల్యం ఉండి, సైనిక ప్రధాన కార్యాలయాల ఇటువంటి పథకం వర్తించనివారికి మార్పు చేసిన స్కూటర్ కొనుగోలుకు లక్ష రూపాయల వరకు మంజూరు చేస్తారు. 65 ఏళ్లు దాటి, హవల్దార్ లేదా అంతకు తక్కువ హోదాలో విరమించి, ఏ పింఛనూ లేనివారికి నిరుపేద సాయం ఉంది. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు ఈ మొత్తాన్ని నెలకు 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. ఈ సొమ్ములోంచి బట్టలు కొనుక్కోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దరఖాస్తులు కేంద్రీయ సైనిక బోర్డు వెబ్‌సైటులోనే సమర్పించాలి. డిశ్చార్జి పుస్తకం, గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు జతచేసి, అసలు పత్రాలను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించాలి.

శంషాబాద్ వాసులు పొరబడే చోటు మరొకటి ఉంది. బెంగుళూరు రహదారిపై వచ్చే ఆరాంఘర్ చౌరస్తా వేరు, సోమాజిగూడలోని సైనిక్ ఆరామ్‌ఘర్ వేరు. అలాగే కొంగర కలాన్‌లోని జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో సైనిక పింఛను అర్జీ ఇస్తే దానిని సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపగలరే తప్ప అక్కడ మంజూరు చేసే అధికారం లేదు. అర్జీ స్వీకరించే సిబ్బంది ఈ మాట అప్పుడే చెబితే వికలాంగునికి ఒక ప్రయాణం తప్పుతుంది. సైనిక మెడికల్ బోర్డు పత్రం, పౌర వికలాంగ ధ్రువపత్రం కూడా ఒకటి కావు. బస్సు, రైలు రాయితీల వంటి వాటికి పౌర ధ్రువపత్రం విడిగా పొందాలి.

వైకల్య పింఛను తిరస్కరణకు గురైతే ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు చేసుకోవాలి. సేవలో చేరేనాటికి లేని వ్యాధి తరువాత బయటపడితే అది సేవ వల్ల వచ్చినదిగానే భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వంపైనే ఉంటుందని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. అప్పీళ్లు ఫలించకపోతే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వారు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై ప్రాంతీయ ధర్మాసనాన్ని ఆశ్రయించాలి.

మంజూరైన పింఛను కొనసాగడానికి ఏటా జీవన ధ్రువీకరణ తప్పదు. రక్షణ పింఛన్లు స్పర్శ్ విధానంలోకి మారిన తరువాత ఇది ఆన్‌లైన్‌లో జరుగుతోంది. చేతులు కోల్పోయినవారు వేలిముద్ర ఎలా వేయాలనే సందేహం అక్కరలేదు. 2021 నవంబరు నుంచి ముఖ గుర్తింపు ద్వారా కూడా జీవన ప్రమాణ పత్రం పొందవచ్చు. ఇందుకు ఇంట్లోని స్మార్ట్ ఫోను, ఆధార్ సంఖ్య, పింఛను వివరాలు ఉంటే చాలు.